మాక్రోల్లో పేర్ల గొడవ: చాలా ఏళ్ల వాడకం తర్వాత క్లోజర్ మీద నా అభిప్రాయం

లిస్ప్ తరహా భాషల్లో మాక్రోలు, అంటే కోడ్‌ని తయారుచేసే కోడ్, రాసేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు తప్పని తలనొప్పి వేరియబుల్ క్యాప్చర్: మాక్రో లోపలి పేరూ మన కోడ్‌లోని పేరూ ఒకటైపోయి ఒకదాని విలువ బదులు ఇంకోదాని విలువ రావడం. నేను మొదట కామన్ లిస్ప్, తర్వాత చాలా ఏళ్లుగా ఆఫీసు పనికి క్లోజర్, మధ్యమధ్యలో ఇష్టంకొద్దీ స్కీమ్ కుటుంబానికి చెందిన రాకెట్ వాడుతున్నాను. ఇవన్నీ లిస్ప్ తరహా భాషలే. రోజువారీ పనికైతే నా ఓటు క్లోజర్‌కే.

క్లోజర్‌తో పాటే వచ్చే టైమ్ మాక్రో చూడండి. మనమిచ్చిన కోడ్ ఎంతసేపు నడిచిందో లెక్కకట్టడానికి అది ముందు గడియారం చూసి ఆ అంకెని స్టార్ట్# అనే పేరులో పెట్టుకుంటుంది, తర్వాత మన కోడ్ నడిపి వచ్చిన విలువని రెట్#లో ఉంచుతుంది. చివరన ఉన్న ఆ # గుర్తులోనే ఉంది కిటుకంతా. అది లేకుండా ఉత్త స్టార్ట్ అనే పేరే మన ఫంక్షన్‌లోకి దిగిందనుకోండి, మనకీ అదే పేరుతో ఒక వేరియబుల్ ఉంటే, (టైమ్ (- ఎండ్ స్టార్ట్)) అని రాసినప్పుడు మన విలువ బదులు మాక్రో పెట్టుకున్న నానోసెకన్ల అంకె వచ్చి కూర్చుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు, జవాబు మాత్రం తప్పు. # ఉంటే, మాక్రో ఎక్స్‌పాండ్ అయ్యేటప్పుడు, అంటే విప్పుకుని మామూలు కోడ్‌గా మారేటప్పుడు, ఆ పేరు స్టార్ట్__142__ఆటో__ లాంటిదిగా మారిపోతుంది, అలాంటి పేరు ఎవరూ చేత్తో రాయరు.

కామన్ లిస్ప్‌లో ఇదే పని జెన్‌సిమ్ (ఎవరూ వాడని కొత్త పేరు పుట్టించే ఫంక్షన్) పిలిచి మనమే చేసుకోవాలి. మర్చిపోతే అడిగే నాథుడు లేడు. టెస్టులన్నీ పాసవుతాయి, ఎప్పుడో టీమ్‌లో ఇంకెవరో అదే పేరు వాడిన రోజు బయటపడుతుంది. ప్యాకేజీలు (పేర్లని విడివిడిగా ఉంచే గుంపులు) వేరైతే కొంత నయమేగానీ అందరూ ఒకే ప్యాకేజీలో రాస్తుంటే ఆ రక్షణ కూడా ఉండదు. క్లోజర్‌లో # మర్చిపోతే బ్యాక్‌కోట్ (మాక్రో ఇచ్చే కోడ్‌కి అచ్చు రాసేటప్పుడు ముందు పెట్టే ` గుర్తు) ఆ పేరుకి నేమ్‌స్పేస్ (అక్కడి పేర్ల గుంపు) పేరు తగిలించేస్తుంది, అలాంటి పేరుని లెట్ (లోకల్ వేరియబుల్స్‌కి విలువలిచ్చేది) ఒప్పుకోదు, కంపైల్ దగ్గరే ఆగిపోతుంది. 1.9 వెర్షన్ నుంచి ఆ ఎర్రర్ చాంతాడంత వస్తుంది, అదొక్కటే విసుగు.

రెండో వైపు గురించి, అంటే మన పేర్లు మాక్రో వాడుకునే పేర్లని చెడగొట్టడం గురించి, చాలామంది మాట్లాడరు. మాక్రో లోపల లిస్ట్ అనే ఫంక్షన్ వాడామనుకుందాం, దాన్ని పిలిచేవాళ్ల దగ్గర లిస్ట్ పేరుతో లోకల్ వేరియబుల్ ఉన్నా ఏమీ కాదు, ఎందుకంటే బ్యాక్‌కోట్ దాన్ని ముందే క్లోజర్.కోర్/లిస్ట్‌గా మార్చేసింది. మాక్రో ఇట్ లాంటి పేరుని మనవైపు కోడ్‌లో కావాలనే పట్టుకోవాలంటే ~'ఇట్ అని రాయాలి. ఆ రెండు గుర్తులు కోడ్ రివ్యూలో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, ఇది కావాలని చేసిందే అని అందరికీ తెలిసిపోతుంది. నాకు బాగా నచ్చింది ఇదే.

లోట్లు లేకపోలేదు. # పేరు ఒక్క బ్యాక్‌కోట్ లోపలే చెల్లుతుంది. లోపల మ్యాప్ (జాబితాలో ఒక్కోదానికీ ఒకే పని చేసే ఫంక్షన్) పెట్టి ఇంకో బ్యాక్‌కోట్‌తో ముక్కలు తయారుచేస్తే, అక్కడ అదే పేరు రాసినా వేరే సింబల్ పుడుతుంది, రెండూ కలవవు. అప్పుడు బయటే లెట్‌లో జెన్‌సిమ్ పెట్టి రెండుచోట్లకీ పంపడం తప్ప దారిలేదు. ఇంకొకటి, ఇచ్చిన ఎక్స్‌ప్రెషన్‌ని మాక్రో రెండుసార్లు నడిపేస్తే దాన్ని ఏ హైజీనూ (పేర్ల గొడవ రాకుండా చూసే ఏ ఏర్పాటూ) ఆపదు, ఆ జాగ్రత్త ఏ భాషలోనైనా మనదే. అందుకే మాక్రో రాయగానే మాక్రోఎక్స్‌పాండ్-1 (మాక్రోని ఒక్క అడుగు విప్పి చూపించేది) కొట్టి చూడందే నేను కమిట్ చేయను.

స్కీమ్ వాళ్ల దారి వేరు. 1986లోనే కోల్‌బెకర్ బృందం హైజీనిక్ ఎక్స్‌పాన్షన్ మీద పేపర్ రాసింది, 1998 నాటి స్కీమ్ ప్రమాణపత్రం ఆర్5ఆర్ఎస్‌లో సింటాక్స్-రూల్స్ (నమూనాలిచ్చి మాక్రో రాసే పద్ధతి) ప్రమాణంగా చేరింది. అక్కడ పేర్ల సంగతి ఎక్స్‌పాండరే చూసుకుంటుంది, మనం # కూడా పెట్టక్కర్లేదు. కానీ కాస్త క్లిష్టమైన మాక్రోకి సింటాక్స్-కేస్, సింటాక్స్ ఆబ్జెక్టులు (కోడ్‌ముక్కతో పాటు దానిలోని పేర్లు ఎక్కడివో కూడా మోసుకొచ్చేవి) నేర్చుకోవాలి, అవి ఒక పట్టాన ఒంటబట్టవు. అయినా మాక్రోలు రాసే మాక్రోలు అవసరమైతే నేను రాకెట్‌కే వెళ్తాను: రాకెట్ ఎడిటర్ అయిన డాక్టర్‌రాకెట్‌లోని మాక్రో స్టెపర్ ఒక్కో అడుగూ విప్పి, మాక్రో తెచ్చిన పేర్లని వేరే రంగులో చూపిస్తుంది, క్లోజర్‌లో అలాంటి పనిముట్టు నాకింకా దొరకలేదు.