హాల్లో స్టూడియో: ఫోమా, బొంతలా, రాక్‌వూలా?

మైక్ మంచిదే, మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ మంచిదే, గొంతూ బాగుంది. అయినా రికార్డింగ్ వింటే బావిలోంచి పాడినట్టు ఉంటుంది. విజయవాడ పటమటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో అపార్ట్‌మెంట్ హాల్లో స్టూడియో పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఇంకా ఖరీదైన మైక్ కోసం వెతకడం మొదలుపెడతారు. ముందు చూడాల్సింది గదిని.

మన హాళ్ళ కట్టుబడే అలాంటిది. కింద విట్రిఫైడ్ టైల్స్, పైన శ్లాబు, నాలుగు వైపులా సిమెంటు ప్లాస్టరింగు, దాని మీద నున్నటి పుట్టీ. ఇవి తమ మీద పడిన శబ్దంలో నూటికి రెండు మూడు వంతులే పీల్చుకుంటాయి. మిగతాదంతా వెనక్కి కొడతాయి. 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఖాళీ హాలు ఒకటి తీసుకుందాం. హార్వర్డ్ ప్రొఫెసర్ వాలెస్ సబీన్ 1890ల చివర్లో తేల్చిన సూత్రంతో లెక్కేస్తే, తలుపులు కిటికీలు కలుపుకున్నా, అందులో కొట్టిన చప్పట్ల మోత అణగడానికి దాదాపు రెండున్నర సెకన్లు పడుతుంది. రికార్డింగుకు అది అర సెకను లోపు ఉంటే మంచిది. సోఫా, దివాన్, కర్టెన్లు వచ్చాక కొంత తగ్గుతుంది కానీ సరిపోయేంత తగ్గదు.

దీనికి జనం వెళ్ళే దారులు మూడు: గోడకు అంటించే ఫోమ్, ఇంట్లో ఉన్న బొంతలు పరుపులు, వడ్రంగితో చేయించుకునే రాక్‌వూల్ (రాతి పీచు) ప్యానెళ్ళు. ఈమధ్య సాఫ్ట్‌వేర్ కరెక్షన్, అంటే స్పీకర్ల శబ్దాన్ని గదికి తగ్గట్టు కంప్యూటర్‌తో సరిచేయడం కూడా వీటితో చేరింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎంత గోడ కప్పామన్నదాని కంటే ఎంత మందంతో కప్పామన్నదే ముఖ్యం. డబ్బు పెట్టాల్సింది అక్కడే.

ముందు ఫోమ్ సంగతి. ఆన్‌లైన్లో దొరికే నల్లటి పిరమిడ్ ఫోమ్ చూడ్డానికి అచ్చం స్టూడియోలా ఉంటుంది, తేలిక, చవక, ఒక్క మధ్యాహ్నంలో అంటించేయొచ్చు. అంగుళం మందం ఉన్న ఫోమ్ సుమారు 1000 హెర్ట్జ్ (సెకనుకు 1000 కంపనాలు) పైన మాత్రమే బాగా పనిచేస్తుంది. రెండంగుళాలదైతే 500 దాకా దిగుతుంది. అంటే స, ష అక్షరాల పదును, తాళాల గలగల లాంటివి తగ్గుతాయి. గొంతులోని నిండుదనం, మృదంగం ఎడమ వైపు మోత ఉండే కింది స్థాయిలు మాత్రం ఏమీ మారవు. గోడంతా ఫోమ్ అంటిస్తే పై స్వరాలు చచ్చిపోయి, కింది మోత అలాగే మిగిలిపోతుంది. ఆ రికార్డింగ్ వినడానికి అంతకుముందుకంటే బరువుగా, ఊపిరాడనట్టుగా ఉంటుంది. గుడ్ల అట్టలు అంటించడం ఫోమ్ కన్నా కూడా తక్కువ ఫలితమిస్తుంది.

ఫోమ్ విషయంలో నాకు అంతకన్నా పెద్ద భయం నిప్పు. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక నైట్‌క్లబ్బులో, వేదిక వెనక గోడలకు అంటించిన పాలీయురెథేన్ ఫోమ్ బాణసంచా నిప్పురవ్వలకు అంటుకుంది. 100 మంది చనిపోయారు. మన హాల్లో ఒక మూల దీపారాధన ఉంటుంది, హారతి ఇస్తాం, అగరొత్తులు వెలిగిస్తాం. నిప్పుకు తట్టుకునే రకమని నమ్మకమైన సర్టిఫికెట్ లేని ఫోమ్‌ని ఆ గదిలోకి రానివ్వకండి. పైగా మన ఉక్కపోతకు నాసిరకం ఫోమ్ కొన్నేళ్ళలో పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది. జిగురు పీకితే పుట్టీతో సహా ఊడివస్తుంది. అద్దె ఇల్లయితే ఇంటి ఓనరుకి ఏం చెప్తాం?

బొంతల్ని తక్కువగా చూడాల్సిన పని లేదు. పత్తి పండే జిల్లాలో ఉన్నాం, దూది పరుపు కుట్టించుకోవడం మనకు కొత్త కాదు. నాలుగంగుళాల మందాన దూది కూరిన పరుపును గోడకు నిలబెడితే, రెండంగుళాల ఫోమ్ కంటే చాలా కిందిదాకా శబ్దాన్ని పీలుస్తుంది. కేవలం పాట రికార్డు చేసుకునేవాళ్ళకు, ఆన్‌లైన్లో సంగీతం క్లాసులు చెప్పేవాళ్ళకు ఇదే మేలైన మొదటి అడుగు. కొత్తగా పెట్టే ఖర్చు దాదాపు ఉండదు.

అయితే ఎక్కడ నిలబెడుతున్నామన్నది చూసుకోవాలి. చాలామంది పరుపును మైక్ వెనక పెడతారు. మామూలుగా మనం వాడే కార్డియాయిడ్ మైక్ తన ముందున్నదాన్ని ఎక్కువగా, వెనకున్నదాన్ని తక్కువగా తీసుకుంటుంది. పాడేవాళ్ళు మైక్ ముందే ఉంటారు కాబట్టి, వాళ్ళ వీపు వెనక గోడ నుంచి వచ్చే ప్రతిధ్వని నేరుగా మైక్‌లో పడుతుంది. అందుకని పరుపు ఉండాల్సింది పాడేవాళ్ళ వెనక. రెండు వైపులా రెండు బొంతలు బట్టలు ఆరేసే స్టాండ్ల మీద వేసి, కింద టైల్స్ మీద ఒక మందపాటి తివాచీ పరిస్తే తేడా మొదటి టేకులోనే తెలుస్తుంది. బొంతను గోడకు ఆనించకుండా జానెడు దూరంలో ఉంచితే ఇంకా మంచిది. చిక్కల్లా వానాకాలంతోనే. దూది చెమ్మ పట్టి వాసన వస్తుంది, బూజు పడుతుంది. అప్పుడప్పుడూ మేడ మీద ఎండలో వేయాల్సిందే. దూది కూడా అంటుకునేదే కాబట్టి దీపానికి దూరంగా ఉంచాలి.

మిక్సింగ్, అంటే రికార్డు చేసిన గొంతును, వాద్యాలను సరిపాళ్ళలో కలపడం కూడా ఇంట్లోనే చేసేవాళ్ళ అవసరం వేరు. ఇక్కడ గది కొలతలు ముందుకొస్తాయి. ఎదురెదురు గోడల మధ్య కొన్ని స్థాయిల శబ్దం నిలబడిపోయి ఉబ్బుతుంది, పక్కనే ఇంకో చోట పూర్తిగా మాయమవుతుంది. 12 అడుగుల వెడల్పులో ఇది సుమారు 47 హెర్ట్జ్ దగ్గర మొదలై, తర్వాత 94 దగ్గర మళ్ళీ వస్తుంది. 18 అడుగుల పొడవులో 31, 63, 94. అంటే 18 బై 12 హాల్లో 94 దగ్గర రెండూ కలిసి ఒకేసారి లేస్తాయి. ఒకటి శ్రుతిలో పాడే మగగొంతు మంద్ర పంచమం (కింది స్థాయి ప) 98 హెర్ట్జ్. ఆ పంచమం దగ్గరకు దిగేసరికి గది కూడా గొంతు కలుపుతుంది. కూర్చున్న చోటును బట్టి అది మిక్సింగ్ చేసేవాళ్ళకు మరీ ఎక్కువగానో, మరీ తక్కువగానో వినిపిస్తుంది. దాన్ని నమ్మి ఫేడర్ (శబ్దం హెచ్చుతగ్గులు చేసే మీట) కదిపితే ఆ పాట కారులో ఒకలా, ఫోన్లో ఇంకోలా ఉంటుంది.

ఈ 94 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 12 అడుగులు. గోడకు అతికిన రెండంగుళాల ఫోమ్‌కి అది అందదు. రాక్‌వూల్ గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. రాతిని కరిగించి తీసిన పీచు కాబట్టి నిప్పు అంటుకోదు. ఫాల్స్ సీలింగ్, పార్టిషన్ పనులు చేసేవాళ్ళను అడిగితే దొరుకుతుంది. ఘనపు మీటరుకు 48 లేదా 64 కిలోల సాంద్రత ఉన్న పలకలు అడగండి. నాలుగంగుళాల మందం ఉండేలా, నాలుగడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పుతో చెక్క ఫ్రేములు చేయించి, అడుగున కాళ్ళు పెట్టించుకుంటే గోడకు ఒక్క మేకు కొట్టే పని లేదు. గోడకు నాలుగంగుళాలు ఎడంగా నిలబెడితే, ఆ ఖాళీ కూడా మందంలో కలిసినట్టే పనిచేస్తుంది. మూలల్లో ఏటవాలుగా పెట్టినప్పుడు వెనక ఖాళీ ఇంకా పెరుగుతుంది కాబట్టి, కింది మోతను మిగతా రెండిటికంటే బాగా పడుతుంది.

పైన వేసే బట్టను నోటికి అడ్డంపెట్టి ఊది చూడండి. గాలి సులువుగా అవతలికి పోతే పనికొస్తుంది. పల్చటి మంగళగిరి నూలు బట్ట దీనికి చక్కగా సరిపోతుంది, హాలుకు అందంగానూ ఉంటుంది. రెక్సిన్ వద్దు. ఫ్రేములోకి పలక ఎక్కించేటప్పుడు మాస్కు, గ్లవ్స్, నిండు చేతుల చొక్కా తప్పనిసరి, ఆ పీచు ఒంటికి తగిలితే దురద పెడుతుంది. వెనక వైపు కూడా బట్టతో మూసేయాలి, పిల్లలున్న ఇంట్లో ఈ పని అసలు వదిలేయకూడదు.

ఇలాంటివి ఆరు ఉంటే పైన చెప్పిన ఖాళీ హాల్లో రెండున్నర సెకన్ల మోత లెక్క ప్రకారం సగానికి పడిపోతుంది. మిగతా భారం సోఫా, తివాచీ, కుచ్చులెక్కువ పెట్టిన మందపాటి కర్టెన్లు మోస్తాయి. స్పీకర్లు హాలు పొడవు వైపు చూసేలా పెట్టి, ముందు గోడకు ఏడడుగుల దూరంలో కూర్చోండి. సరిగ్గా గది మధ్యలో కూర్చోవద్దు. పక్క గోడ మీద ఎవరినైనా అద్దం జరుపుతూ వెళ్ళమనండి. మీ కుర్చీలోంచి అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తే ప్యానెల్ అక్కడికి రావాలి. అలా రెండు వైపులా రెండు, ముందు మూలల్లో రెండు, మీ వెనక రెండు. చుట్టాలొస్తే అన్నీ తీసి బెడ్‌రూమ్ గోడకు చేర్చేయొచ్చు. హాలు మళ్ళీ హాలే అవుతుంది, ఇంట్లోవాళ్ళకు టెన్షన్ ఉండదు.

ప్యానెళ్ళు బాగున్నాయి కదా అని గది మొత్తం కప్పేయకండి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అందులో భక్తిరంజని వింటూ పెరిగిన ఇళ్ళు ఇక్కడ ఎన్నో. స్పష్టంగా ఉంటూనే ప్రాణం ఉన్న గొంతు ఎలా ఉంటుందో మన చెవికి తెలుసు. పాడేవాళ్ళకు తమ గొంతు కాస్తయినా తిరిగి వినపడకపోతే శ్రుతి పట్టుకోవడమే కష్టమవుతుంది. పుస్తకాల అల్మరా ఉన్న గోడను అలాగే వదిలేయండి.

సాఫ్ట్‌వేర్ కరెక్షన్ స్పీకర్ల దగ్గర వినడానికే. మైక్‌లోకి వెళ్ళిన ప్రతిధ్వనిని అది తీసేయలేదు. ఉబ్బిన స్థాయిని కొంత తగ్గించగలదు, మాయమైన స్థాయిని మాత్రం తిరిగి తేలేదు. గదిలో శబ్దాన్ని కొలిచే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ప్యానెల్ ఎక్కడ జరిపితే ఎంత మారిందో కొలుచుకోవడానికి దాన్ని వాడుకోండి, ఆ పనికి అది చాలా విలువైనది.

ఇక ఈ నాలుగిటిలో ఏదీ బయటి శబ్దాన్ని ఆపదు. రైలు కూత, ఏలూరు రోడ్డు హారన్లు, పక్క ఫ్లాట్ మిక్సీ లోపలికి వచ్చేది సందుల్లోంచి, పల్చటి అద్దాల్లోంచి. దానికి బరువు కావాలి, సందు మూయాలి. ముందు తలుపు కింద రబ్బరు పట్టీ, కిటికీ రెక్కల చుట్టూ సీలింగ్ టేపు వేయించండి. స్లైడింగ్ కిటికీలైతే సందు పూర్తిగా మూసుకోదు, రికార్డింగ్ వేళను తెల్లవారుజాముకు జరుపుకోవడమే మేలు. ఆ వేళకు ఫ్యాను ఆపినా కూర్చోగలం. మే నెలలో మాత్రం ముందుగా ఏసీ వేసి గది చల్లబరిచి, టేకు తీసేటప్పుడు ఆపి, అయ్యాక మళ్ళీ వేసుకోవాలి.