దక్షిణ సముద్రంలో వాడిన డ్రై సూట్: నా సమీక్ష

డ్రై సూట్ అంటే మెడ నుంచి పాదాల దాకా ఒంటిని కప్పేసి, లోపలికి నీళ్ళు రానివ్వని సూటు. తెరచాప పడవల మీద ప్రపంచాన్ని చుట్టొచ్చే క్లిప్పర్ రౌండ్ ద వరల్డ్ రేసులో, కేప్‌టౌన్ నుంచి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ దాకా, సుమారు 4,700 నాటికల్ మైళ్ళు, ఈ సూట్ వేసుకునే పడవ మీద పనిచేశాను. ఆ తర్వాత కూడా ఇంగ్లండ్ తీరంలో చలికాలాలు దీంతోనే గడుస్తున్నాయి. అడిగినవాళ్ళందరికీ కొనుక్కోమనే చెప్తున్నాను.

పడవలో పగలు ఆరు గంటలు, రాత్రి నాలుగు గంటల చొప్పున పని వంతులుంటాయి, వాటినే వాచ్ అంటారు. నలభయ్యో అక్షాంశం దాటాక కెరటాలు డెక్ మీదికి ఎక్కి తల మీంచి దూకి పోతాయి. మామూలు జాకెట్టయితే చన్నీళ్ళు మెడలోంచి దిగి లోపలి ఉన్ని బట్టలు తడిపేస్తాయి. ఆరేసుకోవడానికి చోటేదీ? తడితోనే పడుకోవాలి, లేచి మళ్ళీ అవే తొడుక్కోవాలి. నిద్ర లేకపోతే తర్వాతి వాచ్‌లో చెయ్యి మాట వినదు. నేను మాత్రం సూట్ విప్పి కొక్కేనికి తగిలించి, పొడి బట్టలతో బంకు ఎక్కేదాన్ని. దీనికి పెట్టిన డబ్బంతా నాకు ఆ నిద్రలోనే తిరిగొచ్చింది.

వేసుకోవడం మాత్రం పెద్ద పనే. అర్ధరాత్రి, ఒక పక్కకి ఒరిగిన పడవలో, ఎర్రలైటు వెలుతురులో గోడకి వీపు ఆనించి ముందు కాళ్ళు దూర్చాలి. నీళ్ళు దూరకుండా మెడని బిగించి పట్టుకునే రబ్బరు పట్టీకి పౌడరు రాసి, రెండు చేతులతో సాగదీసి తల దూర్చాలి. జుట్టు పట్టి లాగేస్తుంది. ఛాతీ మీది జిప్పు చివరంటా లాగాలి, ఆఖరి అంగుళం వదిలితే నీళ్ళు దూరేది అక్కడే. ఆపైన లైఫ్ జాకెట్, దాన్ని పడవకి తగిలించే తాడు.

దీని బలహీనతంతా మెడకీ మణికట్లకీ ఉండే లేటెక్స్ పట్టీలే. ఎండా, సన్‌స్క్రీన్ జిడ్డూ వాటికి పడవు. నాది మెడ దగ్గర సగం దారిలో చిరిగింది. తోటివాళ్ళు జిగురుతో స్పేర్ పట్టీ అతికించారు. అది ఆరేదాకా మామూలు జాకెట్‌తో వాచ్ చేస్తే తేడా ఏమిటో బాగా తెలిసింది. కాబట్టి స్పేర్ పట్టీలు, జిగురు తప్పకుండా పెట్టుకోండి. మంచినీళ్ళు పొదుపు గనుక కడగడం కుదరదు. జిప్పు మీది ఉప్పు తడిగుడ్డతో తుడిచి గ్రీజు రాస్తే చాలు.

ఆడవాళ్ళు వెనక నడుము కింద కూడా జిప్పు ఉన్న రకమే తీసుకోండి. లేకపోతే బాత్రూమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ మొత్తం విప్పాల్సిందే, ఊగే పడవలో అది నరకం. సైజు చూసేటప్పుడు లోపల మందపాటి ఉన్ని బట్టలు వేసుకుని, షాపులోనే గొంతుక్కూర్చుని లేచి చూడండి.