వ్యాన్‌గార్డ్ కాపలా: దొంగ కంటే ఇంటాయనకే తిప్పలు

వాలరెంట్ అనే షూటింగ్ ఆట ఆడాలంటే, దాన్ని చేసిన రయట్ గేమ్స్ వాళ్ల వ్యాన్‌గార్డ్ అనే చీటర్లను పట్టే సాఫ్ట్‌వేర్ పీసీలో పెట్టుకోక తప్పదు. 2020లో ఆటతోపాటే వచ్చింది, 2024లో లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కూ తగిలించారు. ఆట తెరిచినప్పుడు కాదు, విండోస్ లేస్తుండగానే కెర్నల్‌లో, అంటే విండోస్ గుండెకాయలాంటి లోపలి భాగంలో, వచ్చి కూర్చుంటుంది. కింద ట్రేలో ఎర్ర గుర్తు నొక్కి ఆపేయొచ్చు గానీ, మళ్లీ ఆడాలంటే పీసీ రీస్టార్ట్ చేయాల్సిందే. కొత్త లాప్‌టాప్ మీద అయితే దీనికి నాలుగు స్టార్లు. కర్నూలు గల్లీల్లో ఎక్కువగా కనిపించే అసెంబుల్డ్, సెకండ్ హ్యాండ్ పీసీల మీద రెండు ఇవ్వడమే ఎక్కువ.

పట్టుకోవడంలో పెద్దగా వంక పెట్టలేం. చీటర్ దొరికితే మ్యాచ్ మధ్యలోనే ఎర్ర తెర పడి ఆట ఆగిపోతుంది. అయితే గోడ అవతలి శత్రువును చూపించే వాల్‌హ్యాక్‌లు తక్కువగా కనబడటంలో సగం పుణ్యం సర్వర్‌ది. శత్రువు మన కంటికి కనబడబోయేదాకా వాడెక్కడున్నాడో సర్వర్ మన పీసీకి పంపదు. పంపని సమాచారాన్ని ఏ హ్యాకూ చూపలేదు కదా. ఆ ఘనత కూడా వ్యాన్‌గార్డ్ ఖాతాలోనే వేసేస్తుంటారు జనం.

అసలు గొడవ వ్యాన్ 9001, వ్యాన్ 9003 ఎర్రర్లతో. మొదటిది టీపీఎం 2.0 (భద్రతా చిప్) గానీ సెక్యూర్ బూట్ (పీసీ లేచేటప్పుడు నమ్మకంలేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే ఏర్పాటు) గానీ లేదని, రెండోది సెక్యూర్ బూట్ ఆఫ్‌లో ఉందని. విండోస్ 11 మీద ఈ రెండూ ఉండాల్సిందే. ముందు కీబోర్డు మీద విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి టీపీఎం డాట్ ఎంఎస్‌సీ కొట్టి వెర్షన్ 2.0 ఉందో లేదో చూడండి. తర్వాత అలాగే ఎంఎస్‌ఇన్ఫో32 కొట్టి, బయోస్ మోడ్ దగ్గర యూఈఎఫ్‌ఐ (కొత్త పద్ధతి) అని ఉందా, లెగసీ (పాత పద్ధతి) అని ఉందా చూడండి. లెగసీ అని ఉంటే మాత్రం వెంటనే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే లేచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) దూరి సీఎస్‌ఎం (పాత పద్ధతిలో లేవనిచ్చే సెట్టింగు) ఆఫ్ చేయొద్దు, విండోస్ లేవనే లేవదు. డిస్క్ ఎంబీఆర్ అనే పాత అమరికలో ఉంటుంది, ముందు జీపీటీ అనే కొత్త అమరికకు మార్చాలి.

అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎంబీఆర్2జీపీటీ, స్లాష్ వాలిడేట్, స్లాష్ అలౌఫుల్‌ఓఎస్ కొట్టండి, మార్చడం కుదురుతుందో లేదో చెబుతుంది. మన దగ్గర చాలామందికి ఇక్కడే ఫెయిల్ అవుతుంది. ఎందుకంటే విండోస్ వేసిచ్చే షాపుల్లో అలవాటుగా ఒకే డిస్కును సీ, డీ, ఈ, ఎఫ్ అని కోసేస్తారు, డీ నుంచి అన్నీ ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌ (చిన్న ముక్కలను లోపల పెట్టుకునే పెద్ద ముక్క) లో పడతాయి. ఈ టూల్‌కు ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు, ఎక్స్‌టెండెడ్ అసలుండకూడదు. కాబట్టి డీ, ఈ, ఎఫ్‌లలోని ఫొటోలూ సినిమాలూ బయటి హార్డ్ డిస్క్‌కు కాపీ చేసి, ఆ పార్టిషన్లు తీసేసి, మళ్లీ వాలిడేట్ చేయండి. పాసైతే అదే కమాండ్‌లో వాలిడేట్ బదులు కన్వర్ట్ పెట్టండి. డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు వేసే తాళం) ఆన్‌లో ఉంటే బిట్‌లాకర్ రికవరీ కీ (ఆ తాళం తీసే నంబరు) కాగితం మీద రాసి పెట్టుకోకుండా బయోస్ జోలికి పోవద్దు.

తర్వాత బయోస్‌లో సీఎస్‌ఎం డిజేబుల్, టీపీఎం కోసం ఇంటెల్ ప్రాసెసర్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం ఆన్, సెక్యూర్ బూట్ ఎనేబుల్. ఎనేబుల్ చేసినా పక్కన నాట్ యాక్టివ్ అని చూపిస్తుంటే ఫ్యాక్టరీ కీలు రీస్టోర్ చేయండి.

ఇంత చేసినా నాలుగు రోజులకే మళ్లీ 9003 వచ్చిందా? వ్యాన్‌గార్డ్‌ను తిట్టేముందు పీసీ గడియారం చూడండి. తేదీ ఎప్పుడో పాత ఏడాదికి పోయుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ చచ్చినట్టే. కరెంటు పోయిన ప్రతిసారీ, గోడ స్విచ్ కట్టేసిన ప్రతిసారీ బయోస్ మొదటికొస్తుంది, సెక్యూర్ బూట్ ఎగిరిపోతుంది. మల్టీమీటర్‌తో కొలిస్తే 3 వోల్టుల దగ్గరుండాలి, 2.8 కంటే తక్కువుంటే మార్చేయండి. గడియారాల షాపులో దొరికే బిళ్లే అది. ఎర్రర్ నంబరుతోపాటు ఈ ఒక్క ముక్క చెబితే ఎంతమందికి ఫార్మాట్ ఖర్చు మిగిలేదో.

మూడో, నాలుగో తరం ఐ5 ఉన్న పాత ఆఫీసు డెస్క్‌టాప్‌ల సంగతి వేరు. చాలావాటికి టీపీఎం 2.0 ఉండదు. రూఫస్ అనే టూల్‌తో షరతులు దాటేసి విండోస్ 11 ఎక్కించినా వ్యాన్‌గార్డ్ ఒప్పుకోదు. విండోస్ 10కు వెనక్కి పోదామంటే, మైక్రోసాఫ్ట్ దానికి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది.

ఇంకొకటి, ఎండాకాలం సమస్య. లోపాలున్న డ్రైవర్లను (హార్డ్‌వేర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్లను) వ్యాన్‌గార్డ్ అడ్డుకుంటుంది. కొన్ని పాత ఫ్యాన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్లు వాడేది అలాంటి డ్రైవర్లే. ఆ డ్రైవర్ ఆగితే ఫ్యాన్ నెమ్మదిగానే తిరుగుతుంటుంది, బయట 42 డిగ్రీలు, లోపల ప్రాసెసర్ ఉడుకుతుంటుంది. ఫ్యాన్ వేగాన్ని బయోస్‌లోనే పెట్టుకోండి: 60 డిగ్రీలకు 70 శాతం, 75కు పూర్తి వేగం.

పొరపాటు బ్యాన్ల విషయంలో మిగతా ఆటలవాళ్లూ తక్కువేం కాదు. 2023 అక్టోబర్‌లో ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్‌లోని యాంటీ ల్యాగ్ ప్లస్ (ఆట స్పందనను వేగవంతం చేసే ఫీచర్) ఆన్ చేసిన పాపానికి కౌంటర్ స్ట్రైక్ 2లో ఆడేవాళ్లకు బ్యాన్లు పడ్డాయి. ఆ ఫీచర్ ఆట ఫైళ్ల లోపలి ఫంక్షన్లను దారి మళ్లించేది, చీట్లు చేసే పనీ అదే. ఏఎండీ ఆ డ్రైవర్‌నే వెనక్కి తీసుకుంది.

నెట్ సెంటర్లకు మాత్రం ఇది గుదిబండ. వ్యాన్ 152 ఎర్రర్ అంటే బ్యాన్ ఖాతాకు కాదు, మిషన్‌కు. మధ్యాహ్నం నాలుగో నంబర్ సిస్టమ్ మీద ఎవడో కుర్రాడు హ్యాక్ పెట్టి పోతాడు, సాయంత్రం గంటకు డబ్బు కట్టి కూర్చున్నవాడికి ఆట తెరుచుకోదు. కస్టమర్ సీట్లకు అడ్మిన్ హక్కులు ఇవ్వకుండా ఉండటమే ఓనర్ చేతిలో ఉన్న పని. సెకండ్ హ్యాండ్ మదర్‌బోర్డు కొనేటప్పుడూ అంతే, బ్యాన్ పడ్డ బోర్డు అయ్యుండొచ్చు. విండోస్ లేచిందని డబ్బులివ్వకండి. అమ్మేవాడి ముందే వాలరెంట్ ఎక్కించి, ఒక డెత్‌మ్యాచ్ ఆడి చూశాకే ఇవ్వండి.