తొమ్మిదేళ్లలో నలుగురు కేస్ మేనేజర్లు

హెచ్‌ఐవీతో ఉన్నవారికి ఇచ్చే కేస్ మేనేజ్‌మెంట్ సేవను, అంటే మందులూ పరీక్షలూ సరిగా సాగేలా ఒక మనిషి వెంట ఉండి చూసుకునే సేవను, తొమ్మిదేళ్లుగా వాడుకుంటున్నాను. అయిదుకు మూడున్నర మార్కులు వేస్తాను. తగ్గించిన ఒకటిన్నరలో ఎక్కువ భాగం మనుషులు మారడానికే. ఇప్పుడున్నది నాలుగో కేస్ మేనేజర్. కొత్తవారు వచ్చిన ప్రతిసారీ “ఎలా వచ్చింది?” దగ్గర నుంచి మళ్లీ మొదలు. మూడోసారి విసుగెత్తి, నా కథంతా పేజీన్నర రాసి మూడో మేనేజరు చేతిలో పెట్టాను. ఆవిడ చదివి, నవ్వి, ఫైలుకు పిన్ను కొట్టారు.

నన్ను గట్టెక్కించింది ఆవిడే. ఏళ్లుగా 50 లోపే ఉన్న వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) ఒకసారి 640 చూపించింది. డాక్టరు “మాత్రలు మానేశారా?” అన్నారు. మానలేదు. ఆవిడ మాత్రం “లేచినప్పటి నుంచి మింగేవన్నీ వరసగా చెప్పండి” అన్నారు. మోకాళ్ల నొప్పులకు కొత్తగా మొదలుపెట్టిన క్యాల్షియం మాత్ర అప్పుడు బయటపడింది. పరగడుపున దాన్నీ, నా హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్‌నూ కలిపి వేసుకుంటున్నాను. అలా వేసుకుంటే క్యాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు. డాక్టరుతో మాట్లాడి, రెండింటినీ భోజనంతోనే వేసుకోమన్నారు. లేదా క్యాల్షియానికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో డోలుటెగ్రావిర్ వేసుకోవాలి. మూడు నెలలకు మళ్లీ 50 లోపు. పరీక్షలో దొరకనంత తక్కువగా నిలిస్తే లైంగికంగా ఎవరికీ సోకదన్న ధైర్యంతో కాపురం చేస్తున్నదాన్ని, ఆ మూడు నెలలు నిద్ర లేదు. ఆ మాట చెప్పుకోగలిగింది ఆవిడకే.

ఒక కోపం మాత్రం తీరలేదు. “రేపు మీ ఏఆర్‌టీ మందుల తేదీ” (ఏఆర్‌టీ అంటే హెచ్‌ఐవీ చికిత్సే) అని ఫోనుకు సందేశం పంపారు, అది బల్ల మీద నలుగురి మధ్య వెలిగింది. గొడవ పెట్టుకున్నాక ఇప్పుడు “రేపు కలుద్దాం” అని మాత్రమే వస్తోంది. ఏ వేళ ఫోను చేయాలి, వేరేవారు ఎత్తితే ఏమనాలి అన్నది మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న.

ఇంకొకటి. నిలకడగా ఉన్న నాలాంటివాళ్లకు ఆరు నెలల మందులు ఒకేసారి ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అయినా నెలనెలా పిలిచి అదే ఫారం నింపిస్తారు. నిన్నమొన్న ఫలితం తెలిసి వణుకుతూ వచ్చినవాళ్లు నా వెనక వరసలో ఉంటారు. ఆ అరగంట వాళ్లది.

వచ్చే నెల నాలుగో ఆవిడా వెళ్లిపోతున్నారు. కొత్తవారితో కలిపి ముగ్గురం ఒకసారి కూర్చుందామని అడిగాను. “అలాంటి పద్ధతి లేదండీ” అంటూనే డైరీలో తేదీ రాసుకున్నారు.