పోలో జీటీకి పైలట్ స్పోర్ట్ 4 టైర్లు: ముప్ఫై వేల కిలోమీటర్లు దాటాక

నా కారు ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. పాత 1.2 లీటర్ ఇంజిన్, డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 105 పీఎస్ అంటే కాగితం మీద పెద్ద సంఖ్యేమీ కాదు. కానీ 175 న్యూటన్ మీటర్ల టార్క్ తక్కువ ఆర్‌పీఎంలోనే వచ్చేసి, మొత్తం ముందు చక్రాల మీదే పడుతుంది. వానలో సిగ్నల్ దగ్గర కాస్త గట్టిగా తొక్కితే చాలు, పాత టైర్లు ఉన్నచోటే తిరిగేవి. అవి అరిగాక మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 వేయించాను. కంపెనీ సైజు 195/55 ఆర్16 అయితే, నేను తీసుకున్నది 205/55 ఆర్16. ఇందులో 205 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 55 అంటే ఆ వెడల్పులో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు శాతం, 16 రిమ్ము సైజు అంగుళాల్లో.

17 అంగుళాల అల్లాయ్స్ ఎందుకు వేయలేదని చాలామంది అడుగుతారు. చూపుకి అవే బాగుంటాయి, కాదనను. కానీ 205/45 ఆర్17లో సైడ్‌వాల్ ఎత్తు 92 మిల్లీమీటర్లే, నా సైజులో దాదాపు 113. గుంటలో పడ్డప్పుడు రిమ్మును కాపాడేది ఆ రెండు సెంటీమీటర్ల రబ్బరే. తెలిసినవాళ్ల కారుకి పైకి లేచిన మ్యాన్‌హోల్ అంచు తగిలి సన్నటి సైడ్‌వాల్ ఉబ్బిపోయింది. పంక్చర్‌కి ప్యాచ్ ఉంది గానీ ఉబ్బుకి లేదు. లోపల దారాలు తెగినట్టే, ఆ టైరు పారేయాల్సిందే.

సైజు మారడంతో చక్రం వ్యాసం 11 మిల్లీమీటర్లు, అంటే 1.8 శాతం పెరిగింది. స్పీడోమీటర్లు మామూలుగానే కాస్త ఎక్కువ చూపిస్తాయి కాబట్టి ఇప్పుడు నాది జీపీఎస్‌కి దగ్గరగా వచ్చింది. కారు కూడా ఐదు మిల్లీమీటర్లు పైకి లేచింది. మన స్పీడ్ బ్రేకర్లకి అదీ పనికొచ్చేదే.

ఈ టైర్లకి పెట్టిన డబ్బుకి విలువ తెలిసేది వానలోనే. ఎండలో, మంచి రోడ్డు మీద, లిమిట్‌లో నడిపేవాళ్లకి మామూలు టూరింగ్ టైరుకీ దీనికీ పెద్ద తేడా కనిపించదు. అదే తొలకరి పడి దుమ్మూ ఆయిలూ కలిసి రోడ్డు జారుతున్నప్పుడు బ్రేక్ వేసి చూడండి. పాతవాటితో, చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ టకటకమని కొట్టుకునేచోట ఇప్పుడు అది నిద్ర లేవడం లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద నీళ్లు నిలిచిన లేన్‌లోకి వెళ్లినా స్టీరింగ్ తేలిపోదు. అలాగని అక్కడ 120లో వెళ్లమని కాదు, ఏ టైరైనా నీటి మీద తేలే వేగం ఒకటి ఉంటుంది. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో ముందు భాగం బయటికి జారడం బాగా తగ్గింది. స్టీరింగ్ ఎంత తిప్పితే అంతే తిరుగుతుంది, మధ్యలో సర్దుకోవాల్సిన పని లేదు.

మైలేజీ కొంచెం తగ్గింది. గరుకు సిమెంట్ రోడ్డు మీద శబ్దం ఉంది, పాటలు పెట్టుకుంటే వినిపించదు. అరుగుదల మాత్రం ఆలోచించాల్సిన విషయం. మెత్తటి రబ్బరు, ముందు చక్రాలకే పవర్. పదివేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చకపోతే ముందు జత త్వరగా పోతుంది. చట్ట ప్రకారం టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గే దాకా వాడొచ్చు గానీ, 3 దాటి కిందికి దిగాక వాన పట్టు తగ్గడం నాకు స్పష్టంగా తెలుస్తోంది. నేను అప్పుడే మార్చేస్తాను.

కొనేటప్పుడు తలనొప్పి స్టాకుతోనే. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని లైసెన్స్ కిందికి తెచ్చాక ఇలాంటి రకాలు అడిగిన సైజులో దొరకడం కష్టమైంది. దొరికింది కదా అని వెంటనే డబ్బు కట్టకండి. సైడ్‌వాల్ మీద 'DOT' అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. బిగించేటప్పుడూ పక్కనే నిలబడండి. దీని ట్రెడ్ (రోడ్డుకి తగిలే గాళ్ల భాగం) రెండు వైపులా ఒకేలా ఉండదు కాబట్టి 'అవుట్‌సైడ్' అని రాసిన వైపే బయటికి రావాలి. నాకు వేసిన షాపులో ఒకటి తిరగేసి బిగిస్తే చూసి మళ్లీ విప్పించాను.

తర్వాతి సెట్ కూడా ఇదే సైజు. బ్రాండు మాత్రం ఇదే రకంలో తాజా తేదీతో ఏది దొరికితే అది.