క్రేఫిష్ (రొయ్యలాంటి జీవి) కండరాల ఆన్‌లైన్ పాఠం కొన్నాను, ఎలా ఉందంటే

ఎమ్మెస్సీ పరీక్షల టెన్షన్‌లో కొన్న రికార్డెడ్ కోర్సు ఇది, గాబా (నాడి సంకేతాన్ని అణిచే రసాయనం) మీద ఉన్న ఒక్క పాఠానికే నా డబ్బులు గిట్టాయి. మనలో కండరాన్ని అణిచే పని వెన్నుపాములో జరిగితే క్రేఫిష్, పీతల్లో అణిచే నాడి నేరుగా కండరానికే వస్తుంది, గాబా వదులుతుంది, కండర కణం పొరలో క్లోరైడ్ అయాన్లు వెళ్లే దారులు తెరుచుకుంటాయి, పొర విద్యుత్ నిరోధం పడిపోయి ఉత్తేజపరిచే సంకేతం బలహీనపడుతుంది. వోల్టేజీ దాదాపు మారకపోయినా ఇది జరగొచ్చని గ్రాఫ్ గీసి చూపించారు, నాకు ఇన్నాళ్లూ అర్థంకానిది సరిగ్గా అదే! దీని మీద శాస్త్రవేత్తలు బోయిస్టెల్, ఫాట్ చేసిన 1958 నాటి ప్రయోగాన్ని ఓపిగ్గా విప్పారు. గాబా పనిని అడ్డుకునే పిక్రోటాక్సిన్ అనే విషాన్ని మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు, అది నచ్చలేదు. ఆడియో కూడా అక్కడక్కడా తెగింది.