నాలుగు సంచులు, ఇద్దరు మనుషులు, జూలై వాన: ఆర్ట్‌లీబ్ బ్యాక్-రోలర్ క్లాసిక్‌తో మంగళూరు నుంచి గోకర్ణం దాకా

నేనూ మా వారూ గత జూలైలో మంగళూరు నుంచి గోకర్ణం దాకా తీరం వెంబడి సైకిళ్ళ మీద ఆరు రోజులు ప్రయాణించాం. జాతీయ రహదారి 66 మీద నేరుగా వెళ్తే ఆ దూరం సుమారు 240 కిలోమీటర్లు. పల్లెదారులూ రేవులూ చూసుకుంటూ వెళ్ళినందువల్ల మా మీటరులో 290 దాటింది. ఆ ఆరు రోజులూ మా క్యారియర్లకు వేలాడిన సంచులు జర్మన్ సంస్థ ఆర్ట్‌లీబ్ చేసే బ్యాక్-రోలర్ క్లాసిక్ రకానివి. మనిషికొక జత చొప్పున మొత్తం నాలుగు. బెంగళూరులో ఉంటూ వానాకాలంలో జంటగా ఇలాంటి ప్రయాణం చేయాలనుకునే వారికి పనికొస్తుందని వాటి గురించి వివరంగా రాస్తున్నాను.

బెంగళూరు మారతహళ్ళిలో కురిసే వానను కొలబద్దగా పెట్టుకుని ఆ తీరానికి వెళ్ళకూడదు. బెంగళూరులో ఏడాది మొత్తం మీద సుమారు 970 మిల్లీమీటర్లు కురిస్తే, తీర కర్ణాటకలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలంలోనే వాన 3000 మిల్లీమీటర్లు దాటుతుంది. అరేబియా సముద్రం మీదుగా వచ్చే తేమగాలి పడమటి కనుమలకు తగిలి పైకి లేచి చల్లబడటం వల్ల, కనుమలకూ సముద్రానికీ నడుమనున్న ఆ సన్నని నేల మీద రోజుల తరబడి ముసురు పట్టి, మధ్యమధ్యలో అది కుండపోతగా మారుతుంది. అక్కడ సైకిలు తొక్కే మనిషి తడవకుండా ఉండటం సాధ్యం కాదు. ఎంత మంచి రెయిన్‌కోటు వేసుకున్నా ఎత్తు ఎక్కేటప్పుడు పట్టే చెమట లోపలినుంచి తడిపేస్తుంది. పగలంతా తడవడానికి సిద్ధపడి, సాయంత్రం గదికి చేరాక కట్టుకోవడానికి పొడిబట్టలు, కప్పుకోవడానికి పొడి దుప్పటి ఉండేలా చూసుకోవడమే మన చేతిలో ఉన్న పని. సంచి మంచిదా కాదా అని నేను తేల్చుకునేది ఆ సాయంత్రం వేళనే.

ఈ సంగతి మాకు మూడేళ్ళ కిందట నెల్లూరులో తెలిసివచ్చింది. డిసెంబరు సెలవుల్లో మా అత్తగారింటి నుంచి మైపాడుకూ, అక్కణ్నుంచి తీరం పల్లెలకూ రెండు రోజులు తిరిగినప్పుడు మా దగ్గర వేరొక సంస్థ సంచులు ఉండేవి. మామూలు గుడ్డ సంచి మీద వానకు తొడుగు వేసుకునే రకం అది. అల్పపీడనం వాన మొదలైన గంటకే గాలికి తొడుగు ఒక పక్క లేచిపోయింది. చక్రం చిమ్మిన బురదనీళ్ళు తొడుగు అడుగున చేరి నిలిచిపోయి, సంచి ఆ నీళ్ళలోనే నానింది. రాత్రి విప్పి చూస్తే ఒక్క పొడి తువ్వాలు కూడా మిగల్లేదు. మా వారికి జ్వరం వచ్చి మర్నాడు ఆటోలో ఇంటికి చేరాం. సైకిలు మీద వెళ్ళేవారికి పైనుంచి పడే నీటికన్నా కిందినుంచి చక్రం ఎగజిమ్మే నీరే ఎక్కువ చెరుపు చేస్తుందని ఆ రోజు అర్థమైంది.

ఆర్ట్‌లీబ్ సంచికి విడిగా తొడుగు ఉండదు. హార్ట్‌ముట్ ఆర్ట్‌లీబ్ అనే జర్మన్ యువకుడు వానలో ఇంగ్లండులో సైకిలు యాత్ర చేస్తూ, పక్కనుంచి వెళ్ళే లారీల్లో సరుకు టార్పాలిన్ కింద పొడిగా ఉండటం గమనించి, ఇంటికి తిరిగివెళ్ళాక ఆ గుడ్డతోనే సంచులు కుట్టుకుని, 1982లో ఈ సంస్థను మొదలుపెట్టాడు. ఇప్పుడు పీవీసీ పూత పూసిన పాలిస్టర్ గుడ్డ వాడుతున్నారు. సూది గుచ్చిన ప్రతిచోటా నీటికి దారి దొరుకుతుంది కనుక, అంచులను కుట్టకుండా కరిగించి అతికిస్తారు. మూతికి జిప్పు లేదు. మూడు నాలుగు చుట్లు గట్టిగా మడిచి పట్టీతో బిగించాలి. మా పెద్దమ్మలాంటివాళ్ళు బియ్యం సంచి మూతిని మడిచి పెట్టే తీరు గుర్తున్నవారికి ఈ పని ఒకసారి చూపిస్తే చాలు. రెండు చుట్లతో సరిపెడితే మాత్రం లాభం లేదు, సంచిని మరీ కూరితే మూడో చుట్టుకు గుడ్డ మిగలదు. అందుకే జతకు 40 లీటర్లు పడుతుందని రాసి ఉన్నా మేం దానిని 32 లీటర్ల సంచిగానే లెక్కవేసుకున్నాం.

దీని రక్షణ స్థాయి ఐపీ64. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి సంబంధించినవి. రెండో అంకె 4 అంటే ఏ వైపునుంచి చిమ్మిన నీటినైనా ఆపుతుందని అర్థం, నీటిలో ముంచినా ఆగుతుందని కాదు. ఈ తేడా తెలుసుకుని వాడాలి. బైందూరుకు ముందు ఒక పల్లెదారిలో వాగు రోడ్డు మీదికి మోకాలి లోతున వచ్చినప్పుడు మేం సంచులు విప్పి భుజాన వేసుకుని దాటించి, తర్వాత సైకిళ్ళను నడిపించుకువెళ్ళాం. ఆ ఆరు రోజుల్లో నాలుగు సంచులలో ఏ ఒక్కదానిలోకీ నీటిచుక్క పోలేదు.

సంచిని క్యారియర్‌కు తగిలించే కొక్కేల గురించి కొంచెం ఎక్కువగా రాయాలి, ఎందుకంటే వీటిని సరిగా అమర్చుకోకపోతే ఎంత మంచి సంచయినా విసుగు పుట్టిస్తుంది. పై కొక్కేలు 16 మిల్లీమీటర్ల కడ్డీ దాకా పడతాయి. అంతకన్నా సన్నని కడ్డీలకు సరిపోయేలా చిన్న ప్లాస్టిక్ ముక్కలు సంచితోపాటే ఇస్తారు. నా క్యారియర్ కడ్డీ 10 మిల్లీమీటర్లది. ఆ ముక్కలు పెట్టకుండా ఒక ఆదివారం బెంగళూరు దగ్గరి నంది కొండ వైపు వెళ్ళి చూస్తే, గతుకు వచ్చినప్పుడల్లా సంచి కటకట కొట్టుకుంది. ముక్కలు పెట్టాక ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. కొక్కేలను పక్కకు జరుపుకునే వీలు కూడా ఉంది. పెడలు తొక్కేటప్పుడు మడమ సంచికి తగలకుండా వాటిని సరిచేసుకుని, ఇంట్లోనే బరువు వేసి ఒక పూట తొక్కి చూసుకోవడం అవసరం. సంచిని తీయడానికి పైనున్న పిడి పట్టుకుని ఎత్తితే చాలు, కొక్కేలు వాటంతటవే విడిపోతాయి. అఘనాశిని నది దాటి తదడి చేరడానికి పడవ ఎక్కినప్పుడు ఆ సౌకర్యం విలువ తెలిసింది. పడవవాళ్ళు తొందరపెడుతుండగా నాలుగు సంచులూ నిమిషంలోపు చేతికి వచ్చాయి, తేలికపడ్డ సైకిళ్ళను మా వారు ఒక్కరే ఎత్తి లోపల పెట్టగలిగారు.

ఇక జంటగా వెళ్ళేవారికి నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట బరువు గురించి. మొదటి రోజు మేం న్యాయంగా ఉంటుందని సామానును సరిసమానంగా పంచుకున్నాం, ఒక్కొక్కరికి పన్నెండు కిలోలు. మా వారు నాకన్నా పొడవు, కాళ్ళలో బలం ఎక్కువ. మంగళూరు నుంచి ఉడిపి దాకా ఆయన ప్రతి వంతెన దగ్గరా ఆగి నాకోసం ఎదురుచూశారు. వానలో ఆగిన మనిషికి పది నిమిషాల్లో చలి పుడుతుంది. నేనేమో ఆయనను ఆపుతున్నానన్న బాధతో శక్తికి మించి తొక్కి, సాయంత్రానికి మాట్లాడే ఓపిక కూడా లేకుండా పడిపోయాను. ఆ రాత్రి ఉడిపి లాడ్జి గదిలో ఆయన, "నీ సంచుల్లోంచి బరువు నాకివ్వు, అప్పుడు ఇద్దరం పక్కపక్కనే వెళ్ళొచ్చు," అన్నారు. పనిముట్లు, స్పేరు ట్యూబులు, తాళం, స్టవ్వు, బియ్యం, పప్పులపొడి అన్నీ ఆయన సంచుల్లోకి మారాయి. ఆయనవి ఒక్కొక్కటి ఎనిమిది కిలోలు, నావి నాలుగేసి కిలోలు అయ్యాయి. ఒక్కో సంచి 9 కిలోలు మోయగలదని సంస్థ చెబుతుంది కనుక అక్కడా ఇబ్బంది లేదు. మర్నాటి నుంచి మా వేగాలు కలిశాయి. నాలుగు సంచులూ ఒకే కొలతవి కావడం వల్లనే ఈ మార్పిడి పావుగంటలో పూర్తయింది. ఏ సంచినైనా ఎవరి సైకిలుకైనా తగిలించవచ్చు. ఇలా సర్దుకుంటూ పోగల వీలు ఇద్దరు కలిసి చేసే ప్రయాణంలో వాన ఆపే గుణంతో సమానమైనదని నా అభిప్రాయం.

నీటిని లోపలికి రానివ్వని గుడ్డ తేమను బయటికి కూడా పోనివ్వదు. ఇది ఏ సంస్థ చేసినా ఈ రకం సంచులన్నిటికీ ఉండే స్వభావం. తడిబట్టను ఒక్కదాన్ని లోపల పెట్టి మూసినా మర్నాటికి సంచి అంతా ముక్కిన వాసన పట్టుకుంటుంది. అందుకని మేం ఆయన సంచుల్లో ఒకదానిని తడి సంచిగా, నా సంచుల్లో ఒకదానిని పొడి సంచిగా నిర్ణయించుకున్నాం. పొడి సంచిని గది తలుపు మూసి, చేతులు తుడుచుకున్నాకనే తెరవాలన్న నియమాన్ని ఆరు రోజులూ తప్పలేదు. బయట చిన్న అరలేవీ లేకపోవడం వల్ల దారిలో కావలసిన బిస్కట్లు, ఫోను, డబ్బు హ్యాండిల్‌బారుకు కట్టిన చిన్న సంచిలో విడిగా పెట్టుకోవలసి ఉంటుంది.

దిశ విషయంలో కూడా ఒక సూచన. నైరుతి గాలి వెనుకనుంచి తోడ్పడేలా దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్ళడం మేలు. అయినా మరవంతె దగ్గర, ఒక పక్క సముద్రం, మరో పక్క సౌపర్ణికా నది ఉండి రోడ్డు మాత్రమే నడుమ మిగిలిన చోట, గాలి ఎడమనుంచి అడ్డంగా కొట్టింది. నిండు సంచులు తెరచాపలా గాలిని పడతాయి. అక్కడ నేను దిగి నడిచాను. నా సంచులు ఎరుపు, మా వారివి నలుపు. రెండింటికీ వెలుతురు పడితే మెరిసే ముక్కలు ఉన్నాయి. కానీ మధ్యాహ్నమే చీకటి కమ్మిన ముసురులో వెనకాల వచ్చే లారీలు ఎర్ర సంచులను చూసి ముందుగానే పక్కకు జరగడం ఇద్దరం గమనించాం. కొనేవారు ముదురు రంగులు వద్దనుకోవడం మంచిది.

ధర తక్కువేమీ కాదు. ఒక జత వెలకు రోజువారీ తిరగడానికి మామూలు సైకిలు ఒకటి వస్తుంది. సంస్థ ఐదేళ్ళ వారంటీ ఇస్తోంది, కొక్కేలూ పట్టీలూ విడిగా దొరుకుతాయి. జత బరువు సుమారు 1.9 కిలోలు, ఈ దృఢత్వానికి అది ఎక్కువని నేను అనుకోను. రెండు జతలకు డబ్బు సరిపోని జంట ఒక జతే కొని, దానిని ఇద్దరిలో బలమైనవారి సైకిలుకు తగిలించి, రెండోవారు ఒక పొడిబట్టల మూటతో తేలికగా వెళ్ళవచ్చు. మొదటి రోజు మాలాగా చెరో సగం మోస్తూ ఒకరికోసం ఒకరు వానలో నిలబడే దానికన్నా అది నయం. ఈ డిసెంబరులో మేం మళ్ళీ మైపాడు దారి పట్టబోతున్నాం. పొడి సంచి నా క్యారియర్‌కే ఉంటుంది.